రాకాసి గుళ్ళు ఎవరు కట్టారు?

మన చరిత్ర రచన శాసనంతో మొదలవుతుంది. శాసనం ఉన్నచోట రాజు ఉంటాడు, రాజు ఉన్నచోట దానం ఉంటుంది, దానం ఉన్నచోట దాన్ని పుచ్చుకున్నవాడి గోత్రం ఉంటుంది. భూమి దున్నినవాడి పేరూ, శాసనం చెక్కడానికి బండను మోసుకొచ్చినవాడి పేరూ ఉండవు. ఈ లోటును గట్టిగా గుర్తించినవారిలో సురవరం ప్రతాపరెడ్డి ముఖ్యుడు. పాలమూరు జిల్లాకు చెందిన ఆయన 1949లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వెలువరించి, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అనే ప్రశ్నలకు చరిత్రలో చోటు కల్పించాడు. అయితే ఆయన ఆధారాల్లో ఎక్కువ భాగం కావ్యాలే కాబట్టి ఆ గ్రంథం తూర్పు చాళుక్యుల కాలంతో, అంటే సుమారు వెయ్యేళ్ళ కిందటి నుంచి మాత్రమే మొదలవుతుంది. అంతకు ముందు ఈ నేల మీద బతికి, చచ్చి, తమవాళ్ళను పూడ్చుకున్న మనుషుల సంగతి ఏమిటి? వాళ్ళు అక్షరం రాయలేదు. రాళ్ళు నిలబెట్టారు. ఆ రాళ్ళను చదవడం నేర్చుకోనంత కాలం మన సాంఘిక చరిత్రకు మొదటి అధ్యాయం ఉండదు.

1. పేర్లలో ఉన్న రహస్యం

నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో గుట్టల కింద, చెరువు కట్టల పక్కన, సాగుకు లొంగని రాతి నేలల్లో పెద్ద పెద్ద రాళ్ళు వలయంగా పేర్చి కనిపిస్తాయి. వలయం మధ్య మట్టిదిబ్బ, దాని కింద నాలుగు పక్కలా నిలబెట్టిన బండలతో చేసిన పెట్టెలాంటి గూడు, గూటి మీద మూతబండ. ఇవి సమాధులు. పురావస్తు శాస్త్రవేత్తలు వీటిని బృహత్ శిలా సమాధులు అంటారు. ఊళ్ళో వాళ్ళు మాత్రం రాకాసి గుళ్ళు అంటారు, కొన్నిచోట్ల పాండవుల గుళ్ళు అంటారు. కేరళలో వీటినే పాండు కుళి అన్నారు. కన్నడ సీమలో మోరియర మనె, అంటే మోరియుల ఇళ్ళు అన్నారు.

ఈ పేర్లను అమాయకపు కట్టుకథలుగా కొట్టిపారేయడం తేలిక. కాని వాటిలో ఒక చారిత్రక సత్యం దాగి ఉంది. ఇంత బరువైన బండను మనిషి ఎత్తగలడని తరువాతి తరాల మనిషి నమ్మలేకపోయాడు. అందుకని దాన్ని రాక్షసుడికి అంటగట్టాడు, లేకపోతే పురాణ వీరుడైన భీముడికి అంటగట్టాడు. మనుషులు కలిసి చేసిన శ్రమ మరుగున పడినప్పుడు ఆ స్థానంలోకి పురాణం వస్తుంది. ఈ పేర్లు పుట్టే నాటికి ఊరు కులాలుగా చీలి, నలుగురు కలిసి తమకోసం తాము పనిచేసే అలవాటు పోయి, పెద్ద పని అంటే దొర చేయించే వెట్టి అనే అర్థం స్థిరపడి ఉండాలి. అలాంటి సమాజానికి ఉమ్మడి శ్రమ ఊహకందదు. రాకాసి ఊహకందుతాడు.

2. గూటిలో ఏముంది?

దక్కనులో ఇనుము వాడకం మొదలైన కాలం, అంటే స్థూలంగా క్రీ.పూ. 1200 ప్రాంతం నుంచి క్రీస్తు శకం తొలినాళ్ళ దాకా ఈ సమాధుల కాలం. కొన్నింట్లో శవాన్ని పూర్తిగా పడుకోబెట్టారు. చాలావాటిలో మాత్రం శవాన్ని ముందు వేరేచోట ఉంచి, మాంసం పోయాక ఎముకలు ఏరి తెచ్చి గూట్లో పెట్టారు. ఒకే గూట్లో ఒకరికంటే ఎక్కువమంది ఎముకలుండటం కద్దు. అంటే అది ఒక్క మనిషి సమాధి కాదు, ఒక కుటుంబానిదో ఒక తెగదో ఉమ్మడి చోటు. కొన్ని గూళ్ళకు ఒక పక్క బండలో, తరచు తూర్పు వైపు, గుండ్రని కంత తొలిచి ఉంటుంది. చచ్చినవాడి ఆత్మ వచ్చిపోవడానికని కొందరన్నారు, తరువాత చచ్చినవాళ్ళ ఎముకలు లోపల పెట్టడానికని మరికొందరన్నారు. ఏది నిజమైనా, బతికినవాళ్ళు చచ్చినవాళ్ళతో సంబంధం తెంచుకోలేదని ఆ కంత చెబుతుంది.

ఎముకల పక్కన కుండలు. పైభాగం నల్లగా, అడుగు ఎర్రగా కాలిన కుండలు. ఒకే కుండకు రెండు రంగులు రావాలంటే ఆవంలో గాలి ఆడే తీరు మీద కుమ్మరికి పట్టు ఉండాలి. ఆ కుండల మీద గీతలు, గుర్తులు ఉన్నాయి. నిజాం రాజ్య పురావస్తు శాఖకు తొలి అధిపతి అయిన గులాం యాజ్దానీ 1917లోనే ఆ గుర్తులను ప్రకటించాడు. అవి లిపి అవునా కాదా అనే చర్చ తెగలేదు. కుండ చేసినవాడి గుర్తు కావచ్చు, వాడినవాళ్ళ గుర్తు కావచ్చు. ఏదైనా అవి ఏ శాసనంలోనూ దొరకని సామాన్యుడి చేతి గీతలు.

కుండల పక్కన ఇనుము. కొడవళ్ళు, గొడ్డళ్ళు, కత్తులు, బాణపు ములుకులు, కొన్నిచోట్ల గుర్రపు కళ్ళెపు ముక్కలు. కొడవలి, కత్తి ఒకే గూట్లో దొరకడం గమనించదగ్గది. కొందరు కోయడానికి, కొందరు పోరడానికి అన్న విభజన ఇంకా పూర్తిగా జరగని సమాజం ఒకవైపు కనిపిస్తుంది. మరోవైపు కళ్ళెం ఉంది. గుర్రం ఎక్కినవాడు అందరితో సమానంగా నడిచేవాడు కాదు.

3. తవ్వినవారి చూపు

ఈ సమాధుల గురించి అచ్చులో వచ్చిన తొలి వ్యాసం మలబారుకు సంబంధించినది. జె. బాబింగ్టన్ రాయగా 1823లో ప్రచురితమైంది. మన ప్రాంతానికి దగ్గరగా వీటిని శ్రద్ధగా తవ్వి చూసినవాడు మెడోస్ టేలర్. సాహిత్య విద్యార్థులు ఇతన్ని 1839లో వచ్చిన ‘కన్ఫెషన్స్ ఆఫ్ ఎ థగ్’ నవలా రచయితగా ఎరుగుదురు. నిజాం కొలువులో ఉద్యోగి అయిన ఇతడు 1841 నుంచి 1853 దాకా కృష్ణకు అవతల సురపురంలో ఉన్నాడు. ఆ చుట్టుపక్కల సమాధులను కొలిచాడు, బొమ్మలు గీశాడు, లోపలి పొరలను వివరంగా నమోదు చేశాడు. ఆ శ్రద్ధను మెచ్చుకోవాలి. కాని ఇంగ్లండు, ఐర్లండు దేశాల్లోనూ ఇలాంటి రాళ్ళుండటం చూసి, వీటిని కెల్టులో, డ్రూయిడులో, సిథియన్లో అయిన జాతి కట్టి ఉంటుందని తేల్చాడు. 1865లో డబ్లిన్‌లో అచ్చయిన అతని వ్యాసం శీర్షికలోనే ఆ పేర్లున్నాయి.

పల్లె జనం రాక్షసుడన్నారు, పాలకుల జాతివాడు డ్రూయిడు అన్నాడు. ఇద్దరూ చేసిన పని ఒకటే. ఇక్కడి మనిషి చేశాడని ఇద్దరూ ఒప్పుకోలేదు. తేడా ఏమిటంటే, పల్లె జనం మాట వెనుక తమ గతాన్ని పోగొట్టుకున్న నిస్సహాయత ఉంది. టేలర్ మాట వెనుక ఒక సామ్రాజ్యపు ధీమా ఉంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఇ. హెచ్. హంట్ హైదరాబాదు పరిసరాల్లోనూ, భువనగిరి దగ్గర రాయగిర్‌లోనూ తవ్వి 1924లో తన నిర్ణయాలు ప్రకటించాడు. 1947లో మార్టిమర్ వీలర్ బ్రహ్మగిరి తవ్వకంలో పొరల వరసను బట్టి కాలనిర్ణయానికి దారి చూపాడు. డ్రూయిడులు వెనక్కి పోయారు. ఆ స్థానంలో కుండల రకాలు, బండల కొలతలు, గూళ్ళ వర్గీకరణ వచ్చాయి. ఇది శాస్త్రం, అవసరం కూడా. అయితే వర్గీకరణ దగ్గర ఆగిన శాస్త్రం, ఆ బండను మోసినవాడి భుజం దగ్గరకు రాలేదు. ఆ దారి చూపింది డి. డి. కోశాంబి. 1956లో వచ్చిన ఆయన భారత చరిత్ర గ్రంథం గాని, 1962 నాటి ‘మిత్ అండ్ రియాలిటీ’ గాని పుణె చుట్టుపక్కల కాలినడకన తిరిగి, రాతి పనిముట్టునూ గ్రామదేవతనూ పశువుల బాటనూ కలిపి చదివిన ఫలితం. ఉత్పత్తి సంబంధాల వెలుగులో రాయిని చూడవచ్చని ఆయన రుజువు చేశాడు.

4. సమాధిలో వర్గం

ఆ వెలుగులో మన జిల్లాను చూద్దాం. మక్తల్ ప్రాంతంలో ఉట్నూరు అనే ఊరుంది. ఆదిలాబాదు ఉట్నూరు కాదు, ఇది వేరు. అక్కడి బూడిద దిబ్బను 1957లో ఎఫ్. ఆర్. ఆల్చిన్ తవ్వాడు. అది నవీన శిలాయుగంలో పశువుల దొడ్డి అనీ, పేడను మళ్ళీ మళ్ళీ తగలబెట్టగా ఏర్పడ్డ దిబ్బ అనీ తేలింది. అంటే ఇక్కడ మొదటి సంపద పశువు. తరువాత ఇనుము వచ్చింది, చెలక సాగు పెరిగింది, తిన్నదానికంటే మిగులు ఏర్పడింది. మిగులు ఉన్నప్పుడే కొన్నాళ్ళపాటు పదులమంది పొలం పని మాని బండ లాగగలరు. బృహత్ శిలా సమాధి అంటే మిగులు శ్రమ రాయిగా మారిన రూపం.

ఆ శ్రమ ఎంతటిదో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో 2017లో తెలంగాణ పురావస్తు శాఖ జరిపిన తవ్వకాల్లో తెలిసింది. అక్కడి ఒక మూతబండ బరువు సుమారు 40 టన్నులు. దాన్ని పక్కకు తీయడానికి క్రేను తెప్పించవలసి వచ్చింది. క్రేను లేని కాలంలో ఆ బండను గుట్ట నుంచి విడదీసి, తరలించి, గూటి మీద సరిగ్గా కూర్చోబెట్టారు. బండ మీద మంటపెట్టి పొర లేపే విద్య వడ్డెరల చేతిలో మన కాలం దాకా బతికింది. అలాంటి విద్యే నాడూ ఉండి ఉండాలి. మోకులు, దుంగలు, ఏటవాలు మట్టికట్ట, అన్నిటికంటే ముఖ్యంగా ఒక్క కేకకు ఒక్కసారిగా బిగిసే నలభై యాభై జతల చేతులు. ఆ కేకే పాట. శ్రమ నుంచి పాట పుట్టిందని సాహిత్య చరిత్రలో మనం చెప్పుకునే మాటకు ఇంతకంటే బరువైన సాక్ష్యం అక్కర్లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇది ఆదిమ సమసమాజమని మురిసిపోవడానికి వీల్లేదు. వందల ఏళ్ళపాటు బతికిన జనాభాతో పోలిస్తే ఈ సమాధులు చాలా తక్కువ. అందరికీ గూడు దక్కలేదు. గూడు దక్కినవాడు అప్పటికే కొంత పెద్దవాడు. వర్గం మొలకెత్తుతోంది, మాను కాలేదు.

మాను అయితే ఎలా ఉంటుందో చూడాలంటే చైనాకు వెళ్ళాలి. అన్యాంగ్‌లో 1976లో బయటపడ్డ ఫూ హావో సమాధి షాంగ్ రాజు వూ డింగ్ భార్యది, క్రీ.పూ. పదమూడో శతాబ్ది నాటిది. అందులో 1,928 వస్తువులు దొరికాయి. వాటిలో 468 కంచు వస్తువులు, 755 పచ్చరాతి వస్తువులు. ఇవిగాక సుమారు 6,900 గవ్వలు. వాటితోపాటు ఆమెకు తోడుగా చంపి పెట్టిన 16 మంది మనుషులు, 6 కుక్కలు. ఆ పదహారుగురికి పేర్లు లేవు. రాణి పేరు మాత్రం కంచు పాత్రల మీద చెక్కి ఉంది. చావు అందరినీ సమానం చేస్తుందనే వేదాంతానికి ఆ గొయ్యి చాలినంత జవాబు.

5. మునిగిన రాళ్ళు, కట్టిన రాళ్ళు

మన వైపు సమాధుల చరిత్రలో అన్నిటికంటే పెద్ద ఘటన వాటిని ముంచడం. నాగార్జునసాగర్ ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు. నీరు నిండకముందే కృష్ణ కుడి ఒడ్డున నాగార్జునకొండ లోయను 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ తవ్వింది. ఎడమ ఒడ్డున, నల్లగొండ జిల్లా ఏలేశ్వరంలో రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. ఆ తవ్వకాల మీద మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ గ్రంథం 1963లో వచ్చింది. రెండు ఒడ్డులా బౌద్ధ స్తూపాలకు, ఇక్ష్వాకుల కట్టడాలకు ముందరి పొరల్లో ఈ రాతి సమాధులు బయటపడ్డాయి. తరువాత నీళ్ళొచ్చాయి. లోయలోని ముఖ్య కట్టడాల్లో కొన్నింటిని తరలించి గుట్ట మీద మళ్ళీ కట్టారు, ద్వీపం మీద మ్యూజియం పెట్టారు. అది మంచి పనే. కాని తరలింపులో పెద్దపీట ఎవరికి దక్కిందో గమనించాలి. శాసనం ఉన్నదానికి, శిల్పం ఉన్నదానికి దక్కింది. చెక్కడం లేని మొరటు బండ చాలామటుకు నీటి కిందే ఉండిపోయింది.

ఆ నీటిని నిలబెట్టింది కూడా రాయే. సాగర్ ఆనకట్ట మనుషులు రాయి మీద రాయి పేర్చి కట్టిన కట్టడం. ప్రపంచంలోని అతి పెద్ద రాతికట్టు ఆనకట్టల్లో అది ఒకటి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలింది. అంతకు ముందు పన్నెండేళ్ళపాటు వేలాదిమంది ఆడామగా తలల మీద, భుజాల మీద ఆ రాళ్ళు మోశారు. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకుని ప్రాజెక్టు నుంచి ప్రాజెక్టుకు తిరిగే పాలమూరు కూలీ జీవితం ఇలాంటి పనుల చుట్టూ రూపుదిద్దుకుంది. మూడువేల ఏళ్ళ కిందట ఇదే కృష్ణ ఒడ్డున మనుషులు తమవాళ్ళ కోసం బండలెత్తారు. ఇరవయ్యో శతాబ్దంలో కూలికి బండలెత్తి ఆ పాత బండలను ముంచారు. మొదటివాళ్ళకు పేర్లు లేవు, రెండోవాళ్ళకు మస్టరు రోలులో తప్ప పేర్లు లేవు. ఇది ఎవరినీ నిందించడానికి చెప్పే మాట కాదు. నీళ్ళు కావాలి, అన్నం కావాలి. అయితే ఆనకట్ట దగ్గర మంత్రుల పేర్ల శిలాఫలకం చూసినప్పుడు, రాకాసి గుళ్ళు అనే మాట ఎలా పుట్టిందో మరింత బాగా అర్థమవుతుంది.

6. సమాధులకు మ్యూజియం ఎలా ఉండాలి?

చైనాలో లోయాంగ్ నగరం పక్కన మాంగ్‌షాన్ గుట్ట మీద 1987లో ప్రాచీన సమాధుల మ్యూజియం తెరిచారు. హాన్ వంశం నుంచి సాంగ్ వంశం దాకా పాతిక దాకా సమాధులను ఇటుకకు ఇటుక విప్పి తెచ్చి నేల కింద మళ్ళీ కట్టారు. చూసేవాళ్ళు ఒక గదిలోంచి మరో గదిలోకి వెయ్యేళ్ళు నడుస్తారు. తమిళనాడులో ఆదిచ్చనల్లూరు తాళ్ళ మడుల సమాధి క్షేత్రంలో 2023లో తవ్విన గుంతలనే అద్దం కింద చూపే ఏర్పాటు చేశారు. ఈ రెంటి పద్ధతి వేరు, ఉద్దేశం ఒకటి. కుండను అలమారాలో పెడితే అది వస్తువు. ఎముక పక్కన, కొడవలి పక్కన, ఉన్నచోట ఉంటే అది సమాజం.

మన దగ్గర ఆ అవకాశం ఇంకా మిగిలి ఉన్నచోటు ముడుమాల. కొత్తకోట నుంచి ఆత్మకూరు, అమరచింత, మక్తల్ మీదుగా పడమటికి పోతే కృష్ణ ఒడ్డున వస్తుంది. ఒకప్పటి పాలమూరు జిల్లా, ఇప్పుడు నారాయణపేట జిల్లా. పది నుంచి పద్నాలుగు అడుగుల ఎత్తు నిలువురాళ్ళు దాదాపు 80, చిన్న రాళ్ళు వరసలు వరసలుగా సుమారు మూడువేలు. ఇవన్నీ సమాధులు కావు. హైదరాబాదు విశ్వవిద్యాలయానికి చెందిన కె. పి. రావు చేసిన పరిశీలన ప్రకారం కొన్ని వరసలు సూర్యుడి గమనంతో, రాత్రీ పగలూ సమానమయ్యే రోజులతో సరిపోతాయి. ఒక రాతి మీది గుంటలు సప్తర్షి మండలాన్ని పోలి ఉన్నాయి. వానకు ఎదురుచూసే మెట్టరైతుకు ఆకాశం పంచాంగం. ఆ పంచాంగం అప్పటికింకా ఏ పురోహితుడి సంచిలోకీ పోలేదు, అందరికీ కనిపించేలా పొలంలో నిలబడి ఉంది. ఊరివాళ్ళు ఈ రాళ్ళను నిలురాళ్ళ తిమ్మప్ప అని కొలుస్తారు, ఒక రాయిని ఎల్లమ్మ అంటారు. ఈ భక్తి లేకపోతే ఎన్ని రాళ్ళు మిగిలేవో చెప్పలేం. 2025లో ఈ చోటు యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. జాబితా వల్ల కంచె వస్తుంది, టిక్కెట్టు వస్తుంది. ఆ కంచె లోపలికి ఎల్లమ్మకు బోనం ఎత్తుకొచ్చే మనిషి కూడా రాగలిగితేనే అది ప్రజల మ్యూజియం.

జాబితాకెక్కని వలయాల గతి వేరు. గుట్టలను కంకర మిల్లులు తింటున్నాయి, దిబ్బలను ప్లాట్లు తింటున్నాయి. నిధి ఉందనే భ్రమతో రాత్రిపూట తవ్వేవాళ్ళు సరేసరి. ఆ గూళ్ళలో బంగారం దొరికేది బహు అరుదు. దొరికేవి కుండపెంకులు, తుప్పు పట్టిన ఇనుము, ఎముకలు. నిధి వేటగాడికి పనికిరానిదంతా మనకు చరిత్ర.

7. బొందలగడ్డ

పాత సమాధి గురించి మాట్లాడేవాడు నేటి బొందలగడ్డ గురించి మాట్లాడకపోతే అది పలాయనమే. తెలంగాణ పల్లెల్లో శ్రామిక కులాల్లో చాలామంది శవాన్ని పూడుస్తారు. మూడోనాడు చచ్చినవాడికి ఇష్టమైనవి వండి, కల్లో సారో పెట్టి, పిట్ట ముట్టేదాకా ఎదురుచూస్తారు. పెత్రమాసకు పెద్దలను తలుచుకుంటారు. గూట్లో కుండ పెట్టిన నాటి మనిషికీ వీరికీ నేరుగా వంశ సంబంధం కట్టే సాహసం అక్కర్లేదు. చచ్చినవాడికి ఆకలవుతుందని నమ్మేది బతికుండగా ఆకలి ఎరిగిన మనిషి. ఆ పోలిక చాలు.

అయితే ఊరికి ఒకే బొందలగడ్డ ఉండేది కాదు, కులానికొకటి. చావు కబురు మోయడం, డప్పు కొట్టడం, ఇతరులకు బొంద తవ్వడం దళితుల మీద వెట్టిగా రుద్దారు. రాకాసి గూడును అందరూ కలిసి తవ్విన కాలం నుంచి, ఒకరు చస్తే ఇంకొకరు కూలి లేకుండా తవ్వే కాలానికి సమాజం ప్రయాణించింది. ఆ మధ్యలో జరిగినదాని పేరే కులం. 2018 తరువాత ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. నీళ్ళు, నీడ, దారి ఏర్పడటం మేలే. కాని పేరు చూడండి. దహనవాటిక నమూనాగా, వైకుంఠం గమ్యంగా మారింది. పూడ్చుకునే జనం సొంత మాట బొందలగడ్డ. ఆ మాట సర్కారు కాగితం మీద నుంచి తప్పుకుంది. రాకాసి గుళ్ళ కథలో లాగే ఇక్కడ కూడా పేరు మార్పు చిన్న విషయం కాదు.

8. నిలువురాయి, స్థూపం

నల్లగొండ నేల మీద మరో రకం నిలువురాళ్ళున్నాయి. 1946 జూలై 4న నాటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1951 దాకా సాగిన ఆ పోరాటంలో వెట్టికి ఎదురు నిలిచి చచ్చిన వాళ్ళ కోసం ఊళ్ళలో ఎర్ర స్థూపాలు లేచాయి. వాటిని రాజులు కట్టలేదు, చందాలు వేసుకుని ఊళ్ళే కట్టుకున్నాయి. ఇంద్రవెల్లి స్థూపం 1980లలో పేల్చివేతకు గురై మళ్ళీ లేచింది. రాయికి పాలకులు భయపడ్డారంటే ఆ రాయి మాట్లాడుతోందని అర్థం. నిలురాయికీ స్థూపానికీ ఒక్కటే తేడా. స్థూపం మీద పేర్లున్నాయి. ఆ తేడాకు మూడువేల ఏళ్ళు పట్టింది.

రచయిత పని ఇక్కడే ఉంది. మన కథల్లో, నవలల్లో ఊరు వర్ణనకు వచ్చినప్పుడు గుడి కనిపిస్తుంది, గడీ కనిపిస్తుంది, చెరువు కనిపిస్తుంది. ఊరవతల రాళ్ళ వలయం కనిపించదు. ప్రతి సాహిత్య విద్యార్థీ తన ఊరి చుట్టూ ఒకసారి తిరిగి ఆ వలయం ఎక్కడుందో, దాన్ని ఏ పేరుతో పిలుస్తున్నారో, ఏ కులంవాళ్ళు అక్కడ దీపం పెడుతున్నారో, ఎవరు దాన్ని చదును చేస్తున్నారో రాసి పెట్టుకుంటే, అది ఏ మ్యూజియమూ ఇవ్వలేని ఆధారమవుతుంది. బండ కదిలిపోయాక రాయడానికి ఏమీ ఉండదు. రాకాసులు కట్టారన్న మాటను చెరిపి, మనుషులు కట్టారు అని రాయవలసినవాళ్ళం మనమే. మన సాంఘిక చరిత్రకు అది మొదటి వాక్యం.